పడని హ్యాండిల్

“నానే ఏసానమ్మా ఆ వైరు. ఇంకెన్ని పాలి సెప్పమంతారు?”

తాతబాబు ఆ మాట అనడం అది నాలుగోసారి. లాకప్పు గోడకి జేరబడి కూర్చుని, గౌరీశ్వరి మొహంకేసి కాకుండా ఆమె చెప్పులకేసి చూస్తూ అన్నాడు. అబద్ధమాడటం అలవాటు లేనివాడికి ఆ సమయంలో మెడ నిలవదు. ఈ సంగతి కనిపెట్టడానికి డిటెక్టివే కానక్కరలేదు, ముగ్గురు పిల్లల్ని పెంచిన తల్లి అయినా చాలు. గౌరీశ్వరి మాత్రం డిటెక్టివే. విశాఖపట్నం మొత్తం మీద ఆ బోర్డు కట్టుకున్న ఆడమనిషి ఆమె ఒక్కతే. అంతకుముందు ప్రభుత్వంలో ఎలక్ట్రికల్ ఇంజినీరుగా ఉండి, ఫ్యాక్టరీల్లో మోటార్లూ ప్యానెల్ బోర్డులూ తనిఖీ చేస్తూ తిరిగింది. పై అధికారితో పొసగక ఉద్యోగం వదిలేసింది.

గురువారం తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరు పక్కనున్న ఐస్ ఫ్యాక్టరీలో ఒకటో నంబరు కంప్రెసర్ మోటారు కాలిపోయింది. చలి బయటికి పోకుండా గోడల మధ్య కూరిన ఊక అంటుకుంది. మెషీన్లకి ఆయిలు పోసే నూకాలు ఆ పొగలో ఊపిరాడక చనిపోయాడు. ఫ్యూజులో ఉండాల్సిన సన్న తీగ బదులు ఎవరో లావు రాగి వైరు బిగించారనీ, అందుకే మోటారు కాలిందనీ రిపోర్టు వచ్చింది. ఆ ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ తాతబాబుని ఆదివారం పట్టుకొచ్చారు. చచ్చిపోయిన నూకాలు అతనికి స్వయానా బావ, అక్క పోతమ్మ మొగుడు.

ఇవాళ సోమవారం. మధ్యాహ్నం మేజిస్ట్రేటు ముందు తాతబాబు నేరం ఒప్పుకోబోతున్నాడు. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది ఒప్పుకోలు కాదు గానీ, మేజిస్ట్రేటు ముందు అన్న మాట మళ్ళీ మింగడం చాలా కష్టం. అతని పెళ్ళాం పైడితల్లి నిన్న రాత్రి గౌరీశ్వరి గుమ్మంలో కూలబడి, “మా ఆయన సేతితో సేసిన తప్పు కాదమ్మా అది, ఏదో సెప్పకుండా దాత్తన్నాడు” అని ఏడ్చింది.

“సరే, వేశావ్,” అంది గౌరీశ్వరి. “ఎక్కడిదా వైరు?”

“పాత మోటారు సుట్టిన వైరు ముక్క. ఫ్యాక్టరీలోనే పడుంది.”

“ఎలా వేశావ్?”

“ఎలా ఏత్తారు? కొనలు రెండూ శుబ్బరంగా గీకి, మెలిపెట్టి, స్క్రూ కింద బిగించినాను.”

గీకి అన్నప్పుడు అతని బొటనవేలు తనంతట తనే చూపుడువేలి మీద రాసుకుంది. నోరు అబద్ధమాడినా చెయ్యికి పని గుర్తుంది.

“గీకావా?”

“గీక్కపోతే కరెంటెలా పారతాదమ్మా? మోటారు సుట్టే వైరు మీద పూతుంటాది కదా. సూడ్డానికి రాగిలాగే ఉంటాది గానీ, ఆ పూత కరెంటుని దాటనివ్వదు.”

గౌరీశ్వరి మారుమాట్లాడకుండా లేచి ఎస్సై గవర్రాజు టేబిలు దగ్గరికి వెళ్ళింది. ఎప్పుడో ఒక దొంగతనం కేసు ఆమె విప్పిపెడితే మెడలో దండ తను వేయించుకున్నవాడు కనక, గవర్రాజు ఆమెకి కాదనలేడు. సీలు వేసిన సంచీలోంచి పింగాణీ ఫ్యూజు తీసి ముందు పెట్టాడు. ఆమె స్క్రూ కొద్దిగా వదులు చేయించి, వైరు కొనని వేలిగోటితో తడిమింది. నున్నగా, లక్కరంగులో మెరుస్తోంది పూత. రెండో కొనా అంతే. స్క్రూ నొక్కిన చోట చిన్న నొక్కు పడింది గానీ, అక్కడ కూడా రాగి బయటపడలేదు.

“గవర్రాజుగారూ, ఈ వైరులోంచి ఒక్క క్షణం కూడా కరెంటు పారలేదు. దీంతో మోటారు కాలడం కాదు కదా, తిరగనే తిరగదు. మోటారు కాలిన తర్వాత ఎవరో తెచ్చి ఇందులో పెట్టారు. పెట్టినవాడికి కరెంటు పని రాదు.”

ఎస్సై నెత్తి గోక్కున్నాడు. “నాకు సెప్తే ఏం లాభమండీ? ఇన్సూరెన్సు ఇంజినీరు రిపోర్టు రాసిచ్చినాడు. ముద్దాయి నానే సేసానంటన్నాడు. మేం లాఠీ పట్టుకునేవోళ్ళం గానీ వైర్లు పట్టుకునేవోళ్ళం కాదు. రెండింటికి కోర్టుకి తీసుకెళ్ళాల. ఈలోగా ఏదన్నా సూపిస్తే మాత్రం సూస్తాను.”

ఆమె మళ్ళీ ఊచల దగ్గరికి వచ్చింది. “ఎవరికోసం మోస్తున్నావ్ తాతబాబూ ఈ పాపం?”

అతను గోడవైపు తిరిగిపోయాడు. ఆ వీపుని చూస్తే గౌరీశ్వరికి ఒళ్ళు మండింది, జాలీ వేసింది. రెండూ ఒక్కసారే వస్తే ఆమె చేసే పని ఒకటే. లూనా తాళంచెవి తీసుకుంది.

ఐస్ ఫ్యాక్టరీ మేనేజరు సన్యాసిరాజు గేటు దగ్గరే ఎదురయ్యాడు. ఇస్త్రీ చొక్కా, నిద్రలేని కళ్ళు. లోపల రెండో నంబరు కంప్రెసర్ దడదడమంటోంది. మనిషి పోయినా బోట్లకి ఐసు ఆగదు.

“మీరెవరండీ? పోలీసులు చూసి వెళ్ళిపోయారు కదా.”

“ఒక్క నాలుగు ప్రశ్నలు. బుధవారం సాయంత్రం తాతబాబు డ్యూటీలో ఉన్నాడా?”

“ఉన్నాడు. పొద్దుపోయాక ఇంటికి పంపేశాను.”

“ఎందుకు? సీజన్లో రాత్రంతా ఎలక్ట్రీషియన్ని ఉంచుతారుగా.”

“వాడికి ఒంట్లో బాగోలేదన్నాడు.”

“వాళ్ళావిడ బాగానే ఉన్నాడంటోందే. పోనీండి. స్టార్టరు ఉన్న గదికి తాళం ఎవరి దగ్గరుంటుంది?”

“నా దగ్గరే. రాగి తీగలు ఎత్తుకుపోతున్నారని ఈమధ్య తాళం వేయిస్తున్నాను.”

“బుధవారం రాత్రి?”

సన్యాసిరాజు ఒక్క గుటక ఆలస్యంగా జవాబిచ్చాడు. “నూకాలుకి ఇచ్చి వెళ్ళాను.”

ఇంతలో లోపల్నించి తీరుబడిగా ఒక గొంతు వినిపించింది. “ఎవరూ, గౌరీశ్వరేనా? ఇంకా ఇలాంటి పనులే చేస్తున్నావా అమ్మాయ్?”

గౌరీశ్వరికి ఆ గొంతు వినగానే పాత కారం నషాళానికంటింది. శ్రీరామ్మూర్తి. ఆమె ఉద్యోగంలో ఉన్నప్పుడు పై అధికారి. ఆమె రాసిన తనిఖీ రిపోర్టులు ‘ఆడపిల్ల ఆవేశం’ అని పక్కన పడేసిన మనిషి. రిటైరయ్యాక ఇన్సూరెన్సు కంపెనీ తరఫున నష్టాలు లెక్కకట్టే ఇంజినీరుగా తిరుగుతున్నాడు. ఈ కేసులో రిపోర్టు రాసింది ఆయనే. బంగారు ఫ్రేము కళ్ళజోడు, ఎండలో కూడా నలగని తెల్ల బుష్‌కోటు.

“మీరు తొందరపడి రాసిన రిపోర్టు ఒక మనిషిని జైలుకి పంపుతోందండీ. చూడ్డానికి వచ్చాను,” అంది.

“తొందరా? శనివారం కంపెనీ నుంచి ట్రంకాల్ వచ్చేదాకా నేను మద్రాసులో ఉన్నాను. వచ్చాను, చూశాను, గంటలో తేల్చాను. పని తెలిసినవాడికి అంతే పడుతుంది. ఉక్కునగరంలో పంపుహౌసుల మోటార్లకి స్టార్టర్లు ఎంచే పని కూడా నా చేతికి రాబోతోంది. ఊరికే వస్తుందా?”

“ఏమిటండీ తేల్చింది?”

“లావు వైరు వేస్తే ఫ్యూజు పోదు. ఫ్యూజు పోకపోతే మోటారు పోతుంది. చిన్నపిల్లాణ్ణడిగినా చెప్తాడు.”

“చిన్నపిల్లలకి చెప్పే పాఠమే అది,” అంది గౌరీశ్వరి. “మోటారు కదిలేటప్పుడు మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ తాకిడికి పోకుండా నిలబడేట్టు ఫ్యూజు ఎంచుతాం. అంచేత మోటారు మీద కాస్త ఎక్కువ బరువు పడి మెల్లిగా వేడెక్కితే ఫ్యూజుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఫ్యూజు షార్టు సర్క్యూట్‌కి కాపలా. వేడికి కాపలా కాసేది రిలే. ఒకరి డ్యూటీ ఇంకొకరు చెయ్యరు. ఈ ముక్క ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు చెప్పింది మీరే.”

శ్రీరామ్మూర్తి నవ్వాడు. సన్యాసిరాజు నవ్వలేదు.

కాలిన మోటారుని విప్పి నేలమీద పడేశారు. గౌరీశ్వరి చీర కుచ్చెళ్ళు దోపుకుని దాని ముందు గొంతుక్కూర్చుంది. గుల్లలాంటి ఇనప ఒంటి లోపల రాగి చుట్టలు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. ఒక చుట్ట బొగ్గయిపోయింది. దాని పక్క రెండూ ఇంకా ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. మళ్ళీ ఒకటి బొగ్గు, రెండు ఎరుపు. చుట్టూతా అదే వరస. చూస్తూ ఉంటే ఆమెకి పెదవుల మీదికి చిన్న చిరునవ్వు వచ్చింది. మనుషులు మాట మారుస్తారు గానీ కాలిన రాగి మార్చదు.

“రాజుగారూ, ఇలా రండి. ఈ మోటారుకి మూడు లైన్ల మీద కరెంటు వస్తుంది. మూడూ వస్తూ మోటారు కాలితే ఈ చుట్టలన్నీ సమానంగా మాడిపోవాలి. మూడింట్లో ఒక లైను పోయి, మిగతా రెండింటి మీద తిరిగిందనుకోండి, ఇదిగో, ఇలా వరస తప్పకుండా కొన్ని చుట్టలే మాడతాయి. ముగ్గురు మోసే ఐసుదిమ్మని ఒకడు వదిలేస్తే భారం ఎవడో ఒకడి నడుం మీదే పడుతుంది. అంతే.”

“అయితే ఏంటంటారు?”

“ఒక లైను పోయిందంటే ఒక ఫ్యూజు పోయిందన్నమాట. సరైన తీగ ఉన్న మామూలు ఫ్యూజు. దాని పని అది చేసింది. ఆ పోయిన దాన్ని పీకేసి లావు వైరు పెట్టింది, మోటారు చల్లారాక.”

సన్యాసిరాజు మొహం ఐసు రంగుకి వచ్చింది. శ్రీరామ్మూర్తి మాత్రం గొంతు సవరించుకుని, “ఊహ బాగుంది. ఒక లైను పోతే రిలే ఊరుకుంటుందా? మోటారుని ఆపెయ్యదూ?” అన్నాడు.

“నేనూ అదే అడుగుతున్నాను. గది చూద్దాం పదండి.”

స్టార్టరు గది తలుపు ఇనపరేకుది. ఫైరింజను వాళ్ళు గొళ్ళెం కోసి తెరిచారట. లోపల గోడలకి వేలు మందాన మసి. గోడకి బిగించిన పాతకాలపు స్టార్టరు పెట్టె, దానికి పక్కన పొడుగాటి ఇనప హ్యాండిల్. దీని పని తీరు తెలిసినవాళ్ళకి తెలిసిందే. హ్యాండిల్‌ని చేత్తో తోసి మోటారుని కదిలించాలి, వేగం అందుకున్నాక ఇంకో వైపుకి లాగాలి. అక్కడ ఒక అయస్కాంతం దాన్ని పట్టుకుని ఉంటుంది. మోటారు అతిగా వేడెక్కితే రిలే ఆ అయస్కాంతానికి కరెంటు కోసేస్తుంది. పట్టు వదిలిన హ్యాండిల్ స్ప్రింగు బలానికి ఠప్పున వెనక్కి వచ్చి పడుతుంది, మోటారు ఆగుతుంది.

గౌరీశ్వరి టార్చి వేసింది. రిలే మీది బొత్తాం బయటికి పొడుచుకొచ్చి ఉంది.

“చూశారా? రిలే ట్రిప్పయింది, కరెంటు కోసేసింది. దాని పని అదీ చేసింది.” టార్చి వెలుగు రిలే డయల్ మీదికి జరిగింది. “అసలు ఇది ఈ మోటారుకి ఎంచాల్సిన రిలేయే కాదు. మోటారు నిండు బరువు మీద ఎనభై ఆంపియర్లు లాగుతుందని దాని పలక మీదే ఉంది. ఈ డయల్ డెబ్బైతో సరి. అంటే మోటారు ఏ తప్పూ చెయ్యకపోయినా ఇది మాటిమాటికీ పడిపోతుంది. పడ్డ ప్రతిసారీ మళ్ళీ స్టార్టు చెయ్యాలి. స్టార్టు చేసిన ప్రతిసారీ ఆ తాకిడికి ఫ్యూజు తీగ కాస్త అరుగుతుంది. ఎవరండీ దీన్ని ఎంచిన మహానుభావుడు?”

శ్రీరామ్మూర్తి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “డీలర్లు ఏదో ఒకటి అంటగడుతుంటారు,” అన్నాడు ముక్తసరిగా.

“ఫ్యూజు పోయింది, రిలే పడింది. మరి హ్యాండిల్ ఎందుకు పడలేదు?”

వేడికి బిగుసుకుపోయిన హ్యాండిల్ ఇంకా మోటారు నడిచే స్థానంలోనే ఉంది. గౌరీశ్వరి దాన్ని ముట్టుకోకుండా దగ్గరగా వంగి చూసింది. హ్యాండిల్ మెడ దగ్గర నీలంరంగు ప్లాస్టిక్ కన్నీటిబొట్టులా కరిగి గట్టిపడి ఉంది. దాని కిందుగా గోడకున్న కొక్కేనికి అదే రంగు పోగులు రెండు అతుక్కున్నాయి. నైలాను వల దారం. హార్బరులో ఏ బోటు మీద చూసినా మూరల కొద్దీ పడుంటుంది.

“కట్టేశారు,” అంది నెమ్మదిగా. “రిలే మాటిమాటికీ పడుతోందని, హ్యాండిల్ పడకుండా కొక్కేనికి కట్టి పారేశారు. కాపలావాడు అరుస్తుంటే నోట్లో గుడ్డలు కుక్కినట్టు.”

సన్యాసిరాజు ఒక్కసారిగా అందుకున్నాడు. “నూకాలే కట్టుంటాడండీ! సేపలోళ్ళ పేట మనిషి, వల దారం ఇంకెవడి దగ్గరుంటాది? తాళం కూడా వాడి దగ్గరే ఉంది. పోయినోడి మీద సెప్పకూడదని ఊరుకున్నాను గానీ!”

కంగారులో రాజుగారి ఇస్త్రీ భాష కాస్తా నలిగిపోయింది. గౌరీశ్వరి అతనికి బదులివ్వలేదు. ఈ మాట అతను అప్పటికప్పుడు పుట్టించినట్టు లేదు. ముందే ఎక్కడో వాడి చూసిన మాటలా ఉంది. తాతబాబు గోడవైపు ఎందుకు తిరిగాడో ఆమెకి అర్థమయింది.

“నూకాలు శవం ఎక్కడ దొరికింది?”

“ఈ గుమ్మం ముందే.”

“చేతిలో ఏముంది?”

“ఏదో పెద్ద స్పానరు. మెషీను కాడ పనోడు కదండీ.”

ఆమె గుమ్మం బయటికి వచ్చి తలుపుకి వేలాడుతున్న తాళంకప్పని చూసింది. గొళ్ళేన్ని కోశారు గనక కప్ప ఇంకా వేసింది వేసినట్టే ఉంది. దాని పొట్ట మీద సొట్టలు. పక్కన తలుపు రేకు మీద కూడా గురి తప్పిన దెబ్బలు.

“ఇవెవరు కొట్టారు?”

“ఫైరింజనోళ్ళండీ.”

గౌరీశ్వరి ముందు గొళ్ళెం కోసిన చోట టార్చి వేసింది. రంపం కోసిన ఇనుము తెల్లగా మెరుస్తోంది. తర్వాత సొట్టల మీద వేసింది. సొట్టల అడుగున కూడా నల్లగా మసి పేరుకుని ఉంది.

“రండి, మీరూ చూడండి,” అంది శ్రీరామ్మూర్తితో. “కోత పొగ పోయాక పడింది, అందుకే శుభ్రంగా ఉంది. సొట్టలు మసి పట్టకముందే పడ్డాయి. పొగ కమ్ముకుంటున్నప్పుడు ఇక్కడున్నది నూకాలు ఒక్కడే. మెయిన్ స్విచ్చి ఈ గదిలోనే ఉంది. మోటారు కాలుతోందని తెలిసి, ఆపడానికి పరిగెత్తుకొచ్చాడు. తాళం వేసుంది. స్పానరు తీసుకుని బాదాడు. బయటికి పారిపోవడానికి అవతల గేటు తెరిచే ఉంది, పోలేదు. ఊపిరున్నంతసేపూ బాదుతూనే ఉన్నాడు.” ఆమె సొట్టల మీంచి టార్చి తీసి సన్యాసిరాజు వైపు తిప్పింది. “తాళంచెవి దగ్గరున్నవాడు తాళం ఎందుకు బద్దలు కొడతాడండీ రాజుగారూ?”

సన్యాసిరాజు గుమ్మం నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు.

శ్రీరామ్మూర్తి నిట్టూర్చాడు. “ఒప్పుకుంటున్నాను గౌరీశ్వరీ. నేను ఫ్యూజు చూసి ఆగిపోయాను. నువ్వు తాళందాకా వెళ్ళావు. నా రిపోర్టు వెనక్కి తీసుకుంటాను.”

ఇన్నేళ్ళలో ఆ నోట ఆ మాట వినడం అదే మొదలు. ఆమె గుండె ఉప్పొంగిన మాట నిజం. డిటెక్టివ్ అయినంత మాత్రాన మనిషి కాకుండా పోతుందా?

“ఈ తాళం కీలకం,” అంది. “పంచనామా లేకుండా నేను తీస్తే కోర్టులో చెల్లదు. గవర్రాజుని తీసుకుని వస్తాను. ముందు తాతబాబు నోరు ఆపాలి.”

“నువ్వెళ్ళు. నేనిక్కడే ఉంటాను. ఈ రాజుని గుమ్మం దాపులకి కూడా రానివ్వను,” అన్నాడాయన, మడత కుర్చీ ఒకటి లాక్కుని సరిగ్గా తలుపు ఎదురుగా వేసుకుంటూ.

గౌరీశ్వరి కోర్టు చేరేసరికి వేళ మించలేదు. వరండాలో తాతబాబు సంకెళ్ళతో కూర్చున్నాడు. పక్కన కానిస్టేబులు. పైడితల్లి మొగుడి కాళ్ళ దగ్గర నేలమీద. దూరంగా చివరి స్తంభం పక్కన పోతమ్మ నిలబడి ఉంది. బొట్టు లేని మొహం, ఎండిపోయిన కళ్ళు. మొగుణ్ణి చంపిన తమ్ముడికి ఏం శిక్ష పడుతుందో విందామని వచ్చింది. గురువారం నుంచి తమ్ముడింటి గడప తొక్కలేదు, మరదలితో మాట లేదు.

“తాతబాబూ, హ్యాండిల్ కట్టింది మీ బావ కాదు.”

అతను ఉలిక్కిపడి తలెత్తాడు. మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు.

“వల దారం చూసి నువ్వూ నమ్మావు. ఆ గదికి ఆ రాత్రి తాళం వేసుంది. మీ బావ లోపలికి వెళ్ళలేకపోయాడు. మోటారు ఆపాలని తాళం బాదీ బాదీ ఆ గుమ్మంలోనే పోయాడు. కట్టింది సన్యాసిరాజు. నువ్వుంటే విప్పేస్తావనే నిన్ను ఇంటికి పంపాడు.”

తాతబాబు సంకెళ్ళతోనే ముందుకి జరిగాడు. “మరి... మా బావే కట్టినాడనీ, ఆ సంగతి బయటపడితే మా అప్ప పోతమ్మకి నష్టపరిహారం పైసా రాదనీ, వోడి తప్పుకి వోడే సచ్చినాడని కొట్టేత్తారనీ సెప్పినారమ్మా. ఇద్దరు ఆడపిల్లలు మా అప్పకి. ఫ్యూజు తప్పు నాదంతే జరిమానాతో పోతాదన్నారు. అందుకని...”

“అబద్ధం. పనిలో మనిషి చనిపోతే, అతను జాగ్రత్తలు పాటించలేదనే సాకుతో పరిహారం ఎగ్గొట్టడానికి చట్టం ఒప్పుకోదు. నీ చేత అనవసరంగా పాపం మోయించారు.”

తాతబాబు సంకెళ్ళ చేతులతో మొహం కప్పుకున్నాడు. ఏడుస్తూనే అన్నాడు, “నానెయ్యనేదని సెప్తానమ్మా. జడ్జీ బాబుకి అదే సెప్తాను. మా బావ మీద ఎంత నింద ఏసినాడమ్మా ఆ బాబు! పెద్ద సదువు సదివినోడు గదాని నమ్మీసినాను.”

“సన్యాసిరాజు పెద్ద చదువేం చదివాడు?”

“రాజుగోరు కాదమ్మా. ఇంజినీరు బాబు. శ్రీరామ్మూర్తి గోరు. లక్ష్మీవారం పొద్దున్నే ఫ్యాక్టరీ కాడ నన్ను పక్కకి పిలిసినాడు. అప్పటికింకా ఫైరింజన్లు కూడా ఎల్లనేదు. ఆ స్టార్టరూ రిలే ఎంచి బిగించింది ఆ బాబే కదా. మాటిమాటికీ పడిపోతంది బాబూ, సిన్నది పెట్టీసినారని నాను రెండు పాలి మొత్తుకున్నాను. రాజుగోరు ఫోను సేత్తే, నానొచ్చి మారుత్తాను, అందాకా కట్టీసి నడపండన్నాడట. ఆ మాట ఇని మా బావే కట్టినాడనుకున్నాను.”

గౌరీశ్వరి చెయ్యి లూనా తాళంచెవి కోసం సంచీలోకి వెళ్ళింది.

శనివారం దాకా మద్రాసులో ఉన్నానన్న మనిషి గురువారం పొద్దున్నే ఫ్యాక్టరీలో ఉన్నాడు. ఫ్యూజు మీదికి నెట్టాలన్న ఆలోచన కరెంటు తెలిసినవాడిది, పూత గీక్కుండా వైరు బిగించిన చెయ్యి అది తెలియని సన్యాసిరాజుది. తప్పుడు రిలే సంగతి బయటపడితే ఉక్కునగరం పని కాదు కదా, ఏ పనీ ఆయన గుమ్మం తొక్కదు. అలాంటి మనిషికి తను దగ్గరుండి, టార్చి వేసి మరీ, సొట్టల్లో మసి చూపించి వచ్చింది. ఒక్క మెచ్చుకోలు మాటకి పొంగిపోయి, తాళం ఎదురుగా కుర్చీ వేయించి వచ్చింది. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు. నూకాలు ఆఖరి దెబ్బలకి సాక్ష్యం ఉండదు, తాతబాబు మాటని నమ్మేవాళ్ళూ ఉండరు.

“కానిస్టేబుల్! ఎస్సైగారు ఎక్కడ?”

“జడ్జీగారి రూములో ఉన్నారండీ. లోపలికెవర్నీ...”

“బయటికి రాగానే సాక్షులిద్దర్ని తీసుకుని ఐస్ ఫ్యాక్టరీకి రమ్మను. గౌరీశ్వరి చెప్పిందను. పరుగున రమ్మను!”

ఆమె మెట్లు దిగబోతుంటే ఎవరో చెయ్యి పట్టుకున్నారు. పోతమ్మ. ఎప్పుడు వచ్చి వెనక నిలబడిందో, ఎంత విందో తెలియదు. అంతా వినే ఉంటుంది. ఆమె తమ్ముడికేసి చూసింది. దగ్గరికి వెళ్ళి, ఆ సంకెళ్ళ చేతుల్ని మొహం మీంచి పక్కకి తీసి, పైటచెంగుతో అతని కళ్ళు తుడిచింది. “యెర్రోడా, నన్నొక్క మాట అడగలేకపోనావా?” అంది. తర్వాత గౌరీశ్వరి వైపు తిరిగింది.

“అమ్మగోరూ, ఆ తాళం మీద దెబ్బలు మా ఇంటాయన కొట్టినవేనా?”

“అవునమ్మా.”

“అయితే అది నాది. దాన్నెవుడు ముట్టుకుంతాడో నాను సూత్తాను. పైడీ, లెగు. సేపలారబెట్టే కాడ మనోళ్ళందరూ ఉంతారు. అందర్నీ రమ్మను.”

పైడితల్లి అప్పటికే లేచింది. గౌరీశ్వరి లూనా స్టార్టు చేసేలోపే వాళ్ళిద్దరూ కోర్టు గేటు దాటి హార్బరు రోడ్డు మీద పరిగెత్తుతున్నారు.